పావు చుట్టు

వెనకాల అందరూ ఆయన్ని బొంగరం మేస్త్రి అనేవారు. ఎదురుపడితే మాత్రం పెద్దమేస్త్రిగారూ అని నమస్కారం పెట్టేవారు. నిజం చెప్పాలంటే ఆయనకి వెనకాల పేరే బాగా అతికింది. నిలబడ్డ చోట నిలబడడు, కూర్చున్న చోట కూర్చోడు. టీ గ్లాసు చేతిలో ఉండగానే కార్ఖానా ఈ చివర నుంచి ఆ చివరకి రెండుసార్లు తిరిగి వచ్చేవాడు. ఎక్కడ వదులుగా ఉన్న మేకు కనిపించినా బిగించాలి, ఎక్కడ వంకరగా ఉన్న పలక కనిపించినా సరిచెయ్యాలి. అప్పటిదాకా ఆయన కాలు నేల మీద ఆనదు.

ఆయన ఘనత చెప్పుకోవాలంటే ఒక పూట చాలదు. ఎనిమిదో తరగతితో బడి మానేసి, పద్దెనిమిదో ఏట ఆ గొట్టాల కార్ఖానాలో నూనె తుడిచే పనికి చేరాడు. అదే కప్పు కింద ముప్పై ఎనిమిదేళ్లు. బొటనవేలంత ఉక్కు గొట్టాన్ని చీపురుపుల్లంత సన్నం చేసి, లోపల గీత పడకుండా, ఒక్కటీ తెగకుండా మూడు వేలు వరసగా లాగించినవాడు ఆయన. పాత గొలుసు తెగి గొట్టాలు లాగే బెంచీ ఆగిపోతే, కొత్తది వచ్చేదాకా చేత్తో లింకులు అతికి పదహారు రోజులు నడిపించినవాడు ఆయన. ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్లు పదకొండు మంది. పదకొండు మందీ ఇవాళ తలా ఒక బెంచీకి పెద్ద. వీటన్నిటికీ మించిన గొప్ప ఇంకొకటి ఉంది. ఆయన కూర్చోబెట్టిన డై వల్ల గొట్టం తుక్కులోకి పోయిందన్న మాట ముప్పై ఎనిమిదేళ్లలో ఎవరూ అనలేదు.

డై అంటే పెద్ద విషయమేమీ కాదు. నడుమ నున్నటి కంత ఉన్న గట్టి లోహపు బిళ్ల. గొట్టం ముక్కును సన్నంగా కొట్టి ఆ కంతలో దూర్చి, అవతల నుంచి గొలుసు పట్టుకారుతో లాగితే గొట్టం సన్నబడి పొడుగవుతుంది. ఆ బిళ్ల చట్రంలో వెంట్రుకవాసి వంకరగా కూర్చుందా, గొట్టం గీరుకుపోతుంది, లేదా తెగుతుంది. సాయంత్రం డైలు తీసి కడిగి ఆరబెడతారు. పొద్దున్నే మళ్లీ కూర్చోబెట్టాలి. ఆ పని కోసం పెద్దమేస్త్రి అందరికంటే గంట ముందు వచ్చేవాడు. పక్కన ఎవరైనా నిలబడి చూస్తుంటే తన చేతికి ఏకాగ్రత కుదరదని ఆయన నమ్మకం.

అలాంటి మనిషికి ఆ ఏడు ఒక కొత్త లోహం ఎదురైంది. ఆసుపత్రి పనిముట్లకి వాడే సన్నటి గొట్టాలు కావాలని పెద్ద కొనుగోలుదారు ఒకరు వచ్చారు. లోహం మొండిది. మామూలు పద్ధతిలో లాగితే మూడింట రెండు తెగుతున్నాయి. అప్పుడు యజమాని ఒక కొత్త యంత్రాన్ని పదిహేను రోజుల పరీక్ష మీద తెప్పించాడు. దానితోపాటు ఆ కంపెనీ నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. పాతికేళ్లుంటాయి. భుజాన సంచీ, చెవి మీద పెన్సిలు. పెద్దమేస్త్రిని మొదటి రోజే బాబాయ్ అంది.

"ఇదేం చేస్తుందమ్మా?" అని ఆయన అడిగాడు.

"డైని ఊపుతుంది బాబాయ్. సెకనుకి ఇరవై వేల సార్లు."

"ఊగుతున్నట్టు లేదే."

"కంటికి కనపడదు, చెవికి వినపడదు. వెంట్రుక మందంలో ఏడో వంతు ఊగుతుంది, అంతే. వేలు వాచి ఉంగరం బిగుసుకుపోయిందనుకోండి, గుంజితే వస్తుందా? అటూ ఇటూ సన్నగా కదిలిస్తూ లాగితే జారుతుంది. ఇదీ అంతే. డై అలా వణుకుతూ ఉంటే గొట్టం దాన్ని అంటిపెట్టుకోదు. తక్కువ బలంతో జారిపోతుంది."

డైని పట్టుకుని ఉండే లావుపాటి లోహపు కడ్డీని ఆ అమ్మాయి హార్న్ అంది. గొలుసు బెంచీ నడిపే ఆయన, అంటే కార్ఖానాలో అందరూ గొలుసాయన అనే మనిషి, వెంటనే అందుకున్నాడు. "కూయని హారన్ ఇప్పుడే చూస్తున్నానమ్మా. మా ఇంట్లో కూయడం ఆగనిది ఒకటుంది, మార్చుకుంటావా?"

ఆ అమ్మాయి నవ్వి, గొట్టాలకి పూసే సబ్బు పొడి చిటికెడు తీసి కడ్డీ మీద చల్లి మీట నొక్కింది. పొడి చీమలు చెదిరినట్టు చెదిరి, కడ్డీ నడుమ ఒక్కచోట గీత గీసినట్టు పేరుకుంది. "ఈ గీత దగ్గర మాత్రమే కడ్డీ కదలదు బాబాయ్. అందుకే బిగింపు ఇక్కడే ఉంటుంది. అదైనా కొలత ప్రకారమే. ఎక్కువ బిగిస్తే ఊపిరి సలపక దాని ఊపు చచ్చిపోతుంది." అంటూ బోల్టులు బిగించే పాన ఒకటి చేతికిచ్చింది. తగినంత బిగువు రాగానే టిక్కుమనే పాన. "టిక్కు వినగానే ఆపెయ్యండి. అంతే."

మొదటి వారం అంతా ఆ అమ్మాయే కూర్చోబెట్టింది. గొట్టాలు వెన్నలోంచి వెంట్రుక తీసినట్టు వచ్చాయి. రెండో వారం సోమవారం నుంచి పని పెద్దమేస్త్రికి అప్పజెప్పింది. ఆ పొద్దున తొమ్మిది గొట్టాలు తెగాయి. మధ్యాహ్నం ఆ అమ్మాయి అన్నీ విప్పి, తుడిచి, మళ్లీ బిగిస్తే సాయంత్రం దాకా ఒక్కటి తెగలేదు. మంగళవారం పొద్దున పదమూడు. మధ్యాహ్నం మళ్లీ బాగుంది. బుధవారం పొద్దున పదిహేను. మొత్తం ముప్పై ఏడు.

అమ్మాయి కరెంటు చూసింది, పొద్దుటి చలి చూసింది, లోహం కొలత చూసింది. కళ్ల కింద నల్లగా వచ్చాయి. కంపెనీ వాళ్లు ఫోను మీద ఫోను. బుధవారం మధ్యాహ్నం యజమాని తన గదిలోకి ఇద్దర్నీ పిలిచాడు.

"బాబాయ్, బోల్టులు ఎంతవరకు బిగిస్తున్నారు?" అంది అమ్మాయి. ఆ మాటలో అనుమానం లేదు, అలసట ఉంది.

"నువ్వు చెప్పినంతే. టిక్కుమనగానే ఆపుతున్నా."

"మధ్యాహ్నం విప్పేటప్పుడు గట్టిగా ఉంటున్నాయి. వేడికి పట్టేస్తున్నాయేమో మరి."

యజమాని పెద్దమేస్త్రి ముఖం చూశాడు. తన తండ్రి కాలం నుంచి ఉన్న మనిషి. "మేస్త్రిగారూ, మీ మాటేనా?"

"నా మాటే. ముప్పై ఎనిమిదేళ్లు. మీకు తెలియంది కాదు."

యజమాని ఆ మాటే కంపెనీకి రాశాడు. బిగింపులో లోపం లేదు, లోపం యంత్రంలోనో, దాన్ని అమర్చిన మనిషిలోనో ఉంది, శుక్రవారం మధ్యాహ్నం లారీ పంపి తీసుకుపొమ్మని. అలా తిరిగి వెళ్తే ఆ అమ్మాయి ఉద్యోగం ఏమవుతుందో చెప్పక్కర్లేదు. చేరి ఆరు నెలలే. ఇది ఆమెకి అప్పజెప్పిన మొదటి యంత్రం.

గురువారం పెద్దమేస్త్రి పనికి రాలేదు. భార్యకి కంటి ఆపరేషను అయి వారమైంది, పట్టీ మార్పించాలి. ఆసుపత్రి వరండాలో బల్ల మీద కూర్చోలేక, గోడకి ఒక్క మేకు మీద వేలాడుతున్న పలకని సరిచేసి, నర్సుతో చీవాట్లు తిన్నాడు. మధ్యాహ్నం ఇల్లాల్ని ఇంట్లో దించి కార్ఖానాకి పరుగెత్తాడు. గుమ్మంలోనే గొలుసాయన ఎదురయ్యాడు.

"రండి రండి. పొద్దున్నుంచి నూట పది లాగాం. ఒక్కటి తెగితే ఒట్టు. అమ్మాయే కూర్చోబెట్టింది."

"పొద్దున్నా తెగలేదా?"

"మీరు లేని రోజే బాగా నడిచింది. మీ గాలి సోకకూడదేమో దానికి." అని నవ్వి వెళ్లిపోయాడు.

వేళాకోళమే. నోట్లో నువ్వుగింజ నానని మనిషి అన్న మాట. కానీ అది ముల్లులా దిగింది. పెద్దమేస్త్రి ఆ సాయంత్రం దాకా కాలు కాలిన పిల్లిలా తిరిగాడు. బెంచీ దగ్గరికి వెళ్లడం, వెనక్కి రావడం. అమ్మాయి బిగించిన బోల్టుల్ని చూడటం, చెయ్యి పెట్టబోయి జేబులో పెట్టుకోవడం. తాను చేసేదీ ఆ అమ్మాయి చేసేదీ మనసులో పక్కపక్కన పెట్టి చూశాడు. డై తుడవడం, ఒకటే. దించడం, ఒకటే. టిక్కుమనేదాకా బిగించడం, అదీ ఒకటే. తేడా లేదు. ఉంటే ఎక్కడుంది?

యజమాని దగ్గరికి వెళ్లి, "ఇవాళ బాగా నడిచింది కదండీ, లారీ ఆపుదామా?" అన్నాడు.

"ఒక రోజు నడిచి మూడు రోజులు మొరాయించే ఎద్దుని ఎవరు కట్టుకుంటారు మేస్త్రిగారూ? రేపు పోనివ్వండి."

ఇంటికి వచ్చేసరికి పొద్దు వాలలేదు. ఇల్లాలు ఒంటికన్నుతో వంటింట్లో గిన్నె పట్టుకుని కొళాయితో కుస్తీ పడుతోంది.

"ఇదిగో, ఈ కొళాయి తిప్పిపెట్టండి. మనుషులు బతికే ఇల్లా ఇది? రెండు చేతులతో తిప్పినా రావట్లేదు."

ఆయన తిప్పాడు. నీళ్లు వచ్చాయి. గిన్నె నిండింది. ఆవిడ కొళాయి కట్టి పక్కకి జరిగింది.

"ఎవరు బిగించారు అంత గట్టిగా?" అన్నాడు ఆయన.

"ఎవరా? ఈ ఇంట్లో ఉన్నది ఇద్దరం. నేను కట్టిన కొళాయిని మళ్లీ కట్టేదెవరు? డబ్బా మూత నేను పెట్టాక మళ్లీ తిప్పేదెవరు? ఏటా మూడు వాషర్లు అరిగిపోయేది ఎవరి వల్ల?"

"నేనా? నేనెప్పుడు బిగించాను?"

"ఎప్పుడో ఎందుకు, ఇప్పుడు. చెయ్యి ఎక్కడుందో చూసుకోండి."

చూసుకున్నాడు. కుడిచెయ్యి కొళాయి మీద ఉంది. ఆవిడ కట్టిన తరవాత, మాట్లాడుతూ మాట్లాడుతూ, ఇంకో పావు చుట్టు తిప్పేసి ఉంది.

పెద్దమేస్త్రి ఆ చేతిని ఎవరిదో అన్నట్టు చూశాడు. ఆవిడ ఇంకా ఏదో అంటోంది, ఆయనకి వినపడలేదు. టిక్కుమనే పాన పక్కన పెట్టడం గుర్తుంది. ఆ తరవాత తన పాత పాన... తీసుకున్నాడా? గుర్తు లేదు. ఇన్నేళ్లుగా ప్రతి డైకీ చివర్లో అంచు మీద కొయ్యసుత్తితో రెండు దెబ్బలు, పాత పానతో పావు చుట్టు. అది ఆయన లెక్కలో బిగించడం కాదు. ఒద్దికగా కూర్చోబెట్టడం. పిల్లని పడుకోబెట్టాక దుప్పటి సర్దినట్టు. దాన్ని పనిలో భాగమని ఎవరు లెక్కవేస్తారు? మరి చేశాడా, లేదా? చేశాడో లేదో తనకే తెలియకపోవడం ఆయన్ని నిలవనివ్వలేదు. వీధి చివరి దాకా నడిచాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ నడిచాడు.

"ఆ తిరుగుడేదో పచారీ కొట్టు వైపు తిరిగితే ఉప్పైనా వస్తుంది" అంది ఇల్లాలు గుమ్మంలోంచి.

శుక్రవారం పొద్దున్నే, ఎప్పటిలాగే ఒంటరిగా, ఆయన బెంచీ ముందు నిలబడ్డాడు. ఈసారి చేతులతో పని చెయ్యలేదు, చేతుల్ని కాపలా కాశాడు. డై తుడిచాడు. దించాడు. బిగించాడు. టిక్కుమంది. పాన కింద పెట్టాడు. పెట్టిన క్షణమే కుడిచెయ్యి తనంతట తాను పక్క గూట్లోకి వెళ్లి కొయ్యసుత్తిని పట్టుకుంది.

ఆపాడు.

చిటికెడు సబ్బు పొడి కడ్డీ మీద చల్లి మీట నొక్కాడు. పొడి చెదిరి గీతలా పేరుకుంది. మీట ఆపి, కావాలనే సుత్తితో రెండు దెబ్బలు వేసి, పాత పానతో పావు చుట్టు తిప్పి, మళ్లీ పొడి చల్లి నొక్కాడు. పొడి కొంచెం వణికి ఎక్కడిదక్కడే ఉండిపోయింది. కడ్డీకి ప్రాణం లేదు.

కంచే చేను మేసింది. ముప్పై ఏడు గొట్టాలూ ఆయనవే. అంతకంటే పెద్దది ఇంకొకటి ఉంది. ఇద్దరి ఎదుట నిలబడి, నా మాటే, అన్నాడు. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలియక చెప్పింది. కానీ తెలిసిన తరవాత కూడా నోరు మూసుకుంటే అది తెలిసి చెప్పిన అబద్ధమవుతుంది.

ఇక్కడ ఆయన గొప్పగా వెంటనే వెళ్లి ఒప్పుకున్నాడని రాస్తే బాగుంటుంది గానీ, అలా జరగలేదు. బోల్టులు సరిచేసి, సుత్తి గూట్లో పెట్టి, తేలు కుట్టిన దొంగలా గంటన్నర తిరిగాడు. అందరూ వచ్చారు. గొట్టాలు చక్కగా రావడం మొదలైంది. ఇక ఎవరికి చెప్పాలి, ఎందుకు చెప్పాలి, ఇకమీద తిప్పకపోతే సరిపోదా అనుకున్నాడు. అంతలో ఆ అమ్మాయి మూల కూర్చుని తన పరికరాల్ని ఒక్కొక్కటే గుడ్డలో చుట్టి సంచీలో సర్దుకోవడం కనిపించింది. యంత్రం అటు చక్కగా నడుస్తూనే ఉంది. అమ్మాయి తలెత్తి దాన్ని చూడటం లేదు.

పెద్దమేస్త్రి యజమాని గదిలోకి వెళ్లాడు. తలుపు వేశాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఆ గొట్టాలు తెగింది నా వల్ల."

మొత్తం చెప్పాడు. యజమాని కాసేపు బల్ల మీద వేళ్లతో కొట్టి, గొంతు తగ్గించాడు.

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు."

"చెప్పకండి. మీ మాట పట్టుకుని కంపెనీకి రాశాను. ఇప్పుడు మా మేస్త్రే తప్పు చేశాడని రాస్తే నవ్వుతారు. లారీ బయల్దేరింది. ఇది పోనివ్వండి, నెల తిరక్కుండా ఇంకో కంపెనీది తెప్పిస్తాను. దాన్ని మీరే సరిగ్గా కూర్చోబెడతారు. మీ పేరుకి మచ్చ ఉండదు, నా మాటకీ ఉండదు."

"ఆ అమ్మాయి?"

"చదువుకున్న పిల్ల. ఎక్కడైనా బతుకుతుంది."

పెద్దమేస్త్రి కిటికీ దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. బల్ల మీద వంకరగా ఉన్న కాగితాల దొంతి సరిచెయ్యబోయి చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"బాబూ, మీ నాన్నగారు పోయిన కొత్తలో మీకు డై పట్టుకోవడం నేర్పింది నేను. అప్పుడు మీరు ఒకటి పగలగొట్టి, ఎవరో పగలగొట్టారని నాతో అన్నారు. గుర్తుందా?"

యజమాని ఆ కాగితాల దొంతిని తనే సరిచేశాడు.

"పగలగొట్టింది ఎవరో అందరి ఎదుటా చెప్పమన్నాను, అదీ గుర్తుండే ఉంటుంది. లారీ వచ్చేలోగా మీరు బయటికి వస్తే మంచిది. రాకపోయినా నేను చెప్పేస్తాను."

బయటికి వచ్చి బెంచీ ఆపించాడు. పనివాళ్లందర్నీ పిలిచాడు. ఆయన పిలిస్తే రాని మనిషి ఆ కప్పు కింద లేడు. యజమాని గది తలుపు దగ్గరే నిలబడిపోయాడు.

"అందరూ చూడండి" అన్నాడు పెద్దమేస్త్రి. "ఇది టిక్కు దాకా బిగించిన డై. లాగు." గొలుసాయన లాగాడు. గొట్టం నున్నగా వచ్చింది. "ఇప్పుడు ఇది చూడండి." సుత్తితో రెండు దెబ్బలు. పాత పానతో పావు చుట్టు. "లాగు."

"తెగుతుందేమో మేస్త్రిగారూ" అన్నాడు గొలుసాయన. మొదటిసారి ఆ గొంతులో వేళాకోళం లేదు.

"లాగవయ్యా."

గొలుసు కదిలింది. గొట్టం సగంలో టప్‌మని తెగి, ముక్క ఎగిరి నేల మీద పడింది.

"ఇది ముప్పై ఎనిమిదోది. ముప్పై ఏడు తెలియక పోగొట్టాను. ఇది తెలిసి పోగొట్టాను, మీకు తెలియాలని. అమ్మాయి దోషం లేదు, యంత్రం దోషం లేదు. నేను చెప్పిన మాట తప్పు."

ఆ అమ్మాయి లేచి వచ్చింది. కళ్లలో నీళ్లు తిరుగుతాయనుకున్నారు అందరూ. నీళ్లు కాదు, నిప్పులున్నాయి.

"మూడు రోజులు నన్ను పిచ్చిదాన్ని చేశారు బాబాయ్. నాకు లెక్కలు రావేమో అనుకున్నా. మా అమ్మకి ఫోన్ చేసి ఏడ్చాను."

"చేశానమ్మా."

"ఒక్కసారి నా ఎదురుగా కూర్చోబెట్టి ఉంటే మొదటి రోజే పట్టుకునేదాన్ని."

"నిజమే. ఎవరూ చూడకూడదన్నది నా పొగరు."

ఆమె సంచీలోంచి కాగితం తీసింది. "కంపెనీకి కారణం రాయాలి. మీ పేరు రాయక తప్పదు."

"రాయి. అక్షరం పోకుండా రాయి. రెండు దెబ్బలు, పావు చుట్టు, అదీ రాయి. ఇంకో మాట కూడా రాసుకో. ఇక్కడ పదకొండు మంది మేస్త్రీలు నా దగ్గర నేర్చుకున్నవాళ్లే. ఈ రెండు దెబ్బలూ, పావు చుట్టూ నేనే నేర్పాను. నువ్వెళ్లాక వాళ్లెవరు కూర్చోబెట్టినా ఇదే జరుగుతుంది."

పదకొండు మందిలో అక్కడున్నవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "నేను తిప్పనండీ" అన్నాడొకడు. "తిప్పుతావురా, నాకు తెలుసు. నేనూ అలాగే అన్నాను" అన్నాడు పెద్దమేస్త్రి.

లారీ వచ్చింది. యజమానే గేటు దాకా వెళ్లి డ్రైవరుతో మాట్లాడి ఖాళీగా పంపించాడు. కంపెనీకి ఏం రాశాడో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజంతా పెద్దమేస్త్రితో మాట్లాడలేదు కూడా. అమ్మాయి మాత్రం గుడ్డలో చుట్టిన పరికరాలు మళ్లీ విప్పింది.

శనివారం నుంచి పెద్దమేస్త్రి గంట ముందు రావడం మానేశాడు. అందరితోపాటే వచ్చి, అందరి ఎదుటే డై కూర్చోబెట్టేవాడు. గొలుసాయన్ని పక్కన నిలబెట్టుకుని ఒక పని అప్పజెప్పాడు. టిక్కు తరవాత ఈ కుడిచెయ్యి ఎటైనా కదిలితే కొట్టాలి.

"మిమ్మల్నా? కొట్టనా?"

"నన్ను కాదు. చేతిని."

మొదటి రోజు నాలుగు దెబ్బలు పడ్డాయి. నాలుగోది అవసరం లేకపోయినా పడింది.

"అది ముక్కు గోక్కోవడానికి ఎత్తానయ్యా."

"నాకేం తెలుసు. కదిలితే కొట్టమన్నారు, కొట్టాను."

అవతల అమ్మాయి మీట నొక్కింది. గొలుసు కదిలింది. పెద్దమేస్త్రి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతూ, బయటికి వస్తున్న గొట్టం వంక చూస్తూ నిలబడ్డాడు. నిలబడటం ఆయనకి డై కూర్చోబెట్టడంకంటే కష్టంగా ఉంది.